రంగులమ్మ టార్పాలిన్

ఆ వానాకాలం మా అత్తయ్య కొట్టు మీద కప్పు మార్చక తప్పలేదు. అప్పటిదాకా ఉన్నది మా మామగారు బతికున్న రోజుల్లో కట్టిన కాన్వాసు. ఎండకి వెలిసి, అతుకు మీద అతుకు పడి, అసలు గుడ్డ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన స్థితికి వచ్చింది. మొదటి పెద్ద వానకే మధ్యలో నీళ్ళు నిలిచి, బరువుకి కిందికి జారి, దబ్బున చిరిగింది. ఆ నీళ్ళన్నీ లైనింగ్ తానుల మీద పడ్డాయి. మెరూన్ తాను రంగు దిగి, పక్కనున్న తెల్ల తానులోకి పాకింది.

"పోనీలే, గులాబీ రంగు తక్కువైందనుకుంటున్నా" అని అత్తయ్య నవ్వేసింది కానీ, ఇంటికొచ్చాక ఆ తెల్ల తానుని తొట్టిలో వేసి చీకటి పడేదాకా ఉతుకుతూనే ఉంది.

కొట్టు అంటే నాలుగు గోడలూ షట్టరూ ఉన్నదేమీ కాదు. బజారు వీధి మలుపులో బ్యాంకు ప్రహరీ గోడకి ఆనించి వేసిన రెండు బల్లలు, తాళం వేసుకునే చెక్క బీరువా, నాలుగు ఇనప గొట్టాలు, వాటి మీద కప్పు. అమ్మేది లైనింగ్ గుడ్డ, దారపు రీళ్ళు, లేసులు, జిప్పులు, గుండీలు. దర్జీలూ, ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్ళూ చిన్న ముక్క పట్టుకొచ్చి, "దీనికి కుదిరేది ఇవ్వండి" అంటారు. ఆ కుదిరేది ఇవ్వడమే మా వ్యాపారం. ఒక్క పిసరు తేడా వచ్చినా బట్ట పాడైనట్టే. అత్తయ్య దగ్గర తేడా రాదని పేరు. అందుకే ఆవిడ అసలు పేరు బజారులో ఎవరికీ తెలియదు, అందరికీ రంగులమ్మే.

ఆవిడకో పట్టింపు ఉండేది. పొద్దు వాలి వీధిలో దీపాలు వెలిగాయంటే ఎవరెంత బతిమాలినా రంగు చూసేది కాదు. "బల్బు వెలుగు అబద్ధాలకోరమ్మా. పొద్దున్నే రా, పగటి వెలుగులో చూసిస్తాను" అనేది. చీకటి పడ్డాక మా కొట్టులో గుండీలూ జిప్పులూ తప్ప ఇంకేమీ దొరకవని ఊళ్ళో అందరికీ తెలుసు.

కప్పు మార్చే పని మా ఆయన నెత్తిన వేసుకున్నాడు. ఆయన నీళ్ళ ఫిల్టర్లు బిగించే కంపెనీలో మెకానిక్కు. ఏ వస్తువు కొనాలన్నా దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసుకుంటే గానీ ఆయనకి నిద్ర పట్టదు. రెండు మూడు రోజులు ఫోన్లో టార్పాలిన్ల వీడియోలు తప్ప ఇంకేమీ చూడలేదు. భోజనం దగ్గర కూడా అదే గోల.

"జీఎస్ఎమ్ ముఖ్యం. అంటే బరువు. బరువున్నదే చిరగదు. అంచుల్లో తాడు పెట్టి కుట్టాలి. రింగులు ఇనపవైతే తుప్పు పడతాయి, అల్యూమినియంవి ఉండాలి. ఎండకి పెళుసెక్కకుండా పైన పూత ఉండాలి."

"వాన పడకుండా ఉంటే చాల్లేరా" అంది అత్తయ్య.

"నీకు తెలియదమ్మా. చాలామంది అలాగే కొని మోసపోతారు."

నన్ను పెళ్ళి చేసుకునే ముందు నా గురించి ఇంత విచారించాడో లేదో నాకు అనుమానమే.

టార్పాలిన్ షాపుకి నన్ను తోడు తీసుకెళ్ళాడు. అదో పెద్ద రేకుల షెడ్డు. నీలం, ఆకుపచ్చ, నారింజ, నలుపు, తెలుపు, వెండి రంగు, రకరకాల చుట్టలు గోడల పొడవునా నిలబెట్టి ఉన్నాయి. షాపాయన చేతులు కట్టుకుని మా ఆయన ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులు చెప్పాడు. చివరికి మా ఆయన ఒక నీలం టార్పాలిన్ మూలని దోసిలిలా పట్టమని నాకిచ్చి, తన సీసాలోని నీళ్ళన్నీ అందులో పోసి, కింద చెయ్యి పెట్టి తడిమి చూశాడు. తడి లేదు. గోరుతో గీకాడు. అంచు పట్టి లాగాడు. రింగుల్లో వేలు పెట్టి తిప్పాడు.

"ఇంక కాల్చి చూడటమే మిగిలింది" అన్నాను.

షాపాయన నవ్వాడు. "సారు మంచిదే పట్టుకున్నారమ్మా. నీలంది మన్నిక. తెల్లది పల్చన, నాలుగు రోజులు నీడ కావాలనుకున్నవాళ్ళు తీసుకెళ్తారు. నీలం కంటికి కూడా చల్లగా ఉంటుంది."

అలా ఆ నీలంది మా కొట్టు మీదికెక్కింది. మూడు వైపులా జల్లు కొట్టకుండా కిందిదాకా దిగేంత పెద్దది తెచ్చాడు. మర్నాడే కుండపోత. ఎదురుగా ఉన్న కొట్ల వాళ్ళు బక్కెట్లు పట్టుకుని పరుగులు పెడుతుంటే, మా కొట్టులో మాత్రం చుక్క పడలేదు. దారినపోయేవాళ్ళు కూడా వచ్చి మా కప్పు కిందే నిలబడ్డారు. అత్తయ్య వాళ్ళందరికీ పైకి చూపించి, "మావాడు తెచ్చాడు. ఎంత చూసి తెచ్చాడో" అని చెప్పుకుంది. కొడుకు గురించి పదిమందిలో గొప్పగా చెప్పుకునే అవకాశం ఆవిడకి అంతకుముందు పెద్దగా దొరికింది లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే వెనక్కి రావడాలు మొదలయ్యాయి.

మొదట వచ్చింది టైలరమ్మ. అత్తయ్యకి పాత స్నేహితురాలు, వదినా అని పిలుస్తుంది, నోరు కొంచెం పెద్దది. లైనింగ్ ముక్క బల్ల మీద పడేసి, "ఇది నువ్విచ్చిందేనా వదినా? నేను మెరూన్ గుడ్డ తెస్తే, చాక్లెట్ రంగు లైనింగ్ కోసిచ్చావు" అంది.

అత్తయ్య రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఎక్కడే? బాగానే కలిసిందిగా" అంది. టైలరమ్మ కూడా వంగి చూసి, కొంచెం తడబడింది. "ఏమో, ఇంట్లో మాత్రం తేడాగా కనబడింది" అంది. అత్తయ్య గొడవెందుకని వేరే తాను కోసిచ్చింది. అదీ తిరిగొచ్చింది. చొక్కాలకి దారం కొన్నాయన వచ్చాడు. బడి బట్టలకి లేసు కొన్నావిడ వచ్చింది. ముసురు పట్టి వదలని రోజులు. వచ్చినవాళ్ళంతా కప్పు కిందే నిలబడి రంగు చూసుకుని, కవర్లో దాచుకుని, గొడుగు తెరుచుకుని పరిగెత్తేవాళ్ళు. తేడా తెలిసేది ఇంటికెళ్ళాకే.

మొదట్లో అత్తయ్య నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఒక మధ్యాహ్నం కూరలు తరుగుతూ ఒక వంకాయ నా ముందుకి చాచి, "ఇది నల్లగా ఉందా, ఊదాగా ఉందా?" అని అడిగింది.

"ఊదానే అత్తయ్యా. ఏం?"

"నాకూ ఊదాగానే ఉంది" అని మళ్ళీ కత్తిపీటకేసి తిరిగింది. తరుగుతూనే, "మా అక్కయ్యకి కూడా మొదట రంగులే పోయాయి. తర్వాత మనుషులు పోయారు. చివర్లో గొంతు విని గుర్తుపట్టేది" అంది.

ఆవిడ అక్కయ్య సంగతి నాకు తెలుసు. చూపు పోయిన తర్వాత ఒక గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ఆవిడ బతుకంతా గడిచిపోయింది. ఆ కుర్చీ అత్తయ్య కళ్ళ ముందు ఉందని నాకప్పుడర్థమైంది. అంతటి భయం పట్టుకున్నాక తప్పు ఇంకెక్కడైనా ఉందేమోనని ఆలోచించే తీరికెక్కడిది?

కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన లైటు వేసి చూసి, "పొర ఇప్పుడిప్పుడే మొదలైంది. ఈ వయసుకి మామూలే. ఇప్పట్లో ఆపరేషన్ అక్కర్లేదు" అని చుక్కల మందు రాశాడు. ఆయన చెప్పినదాంట్లో మా ఆయనకి 'పొర' అన్న మాటొక్కటే వినబడింది.

దెబ్బ పడింది ఆ తర్వాతే. టైలరమ్మకి ఒక పెళ్ళికూతురి బట్టలు కుట్టే పని వచ్చింది. ఎంతైనా పాత నమ్మకం కదా, మళ్ళీ అత్తయ్య దగ్గరే లైనింగ్ తీసుకుంది. ఈసారి అత్తయ్య ముక్కని ఇటు తిప్పి అటు తిప్పి, నాకూ చూపించి, పక్కన నిలబడ్డవాళ్ళకీ చూపించి మరీ కోసింది. టైలరమ్మ చూసుకోకుండా రాత్రికి రాత్రి కుట్టేసింది. పొద్దున్నే పెళ్ళివాళ్ళు చూసి నానా మాటలూ అన్నారట. కుట్లన్నీ ఊడదీసుకుని, ఆ గుడ్డ పట్టుకుని కొట్టుకొచ్చింది. అప్పుడు కొట్టు నిండా జనం ఉన్నారు.

"వదినా, ఇన్నేళ్ళ నుంచీ చూస్తున్నా కాబట్టి ఇంకో మాట అనను. ఇకనుంచి నీ దగ్గర గుండీలే తీసుకుంటా. రంగు మాత్రం అడగను. ముందు నువ్వు కళ్ళు చూపించుకో."

తిట్టినా బాగుండేది. ఆవిడ అలా జాలిగా అనేసరికి అత్తయ్యకి తల తీసేసినట్టయింది. ఆ పూటంతా బీరువా సర్దుతున్నట్టు అటు తిరిగే కూర్చుంది. మర్నాడు పొద్దున నేను టిఫిన్ డబ్బా కడుతుంటే వచ్చి, బీరువా తాళంచెవులు నా పక్కన పెట్టింది.

"నువ్వెళ్ళమ్మాయ్. నావల్ల కాదు."

మా ఆయన వెంటనే ఏదో ఒక ఉపాయం ఆలోచించకపోతే ఆయనెలా అవుతాడు? ఆ సాయంత్రమే చెప్పాడు. మా కొట్టు పక్కన బల్ల వేసుకుని ఫోన్ కవర్లు అమ్మేవాడొకడున్నాడు. మలుపులో ఉన్న మా చోటు మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. వానలు తగ్గాక ఆ చోటు అతనికి అప్పగించేద్దామని మా ఆయన ఆలోచన.

"అమ్మకి విశ్రాంతి. నీకూ ఎండా వానా బాధ తప్పుతుంది" అన్నాడు.

"నాకేం బాధ ఉందని మీతో చెప్పానా?"

"మరి ఏం చేద్దాం? చూపు లేని మనిషితో రంగుల కొట్టు ఎలా నడుస్తుంది? ఫోన్ కవర్లకైతే రంగు కుదరాల్సిన పన్లేదు. ఎవడికి నచ్చింది వాడు పట్టుకుపోతాడు."

పక్క గదిలో అత్తయ్య ఉందన్న ఇంగితం కూడా లేకుండా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు మా ఇద్దరికీ జరిగిన గొడవ వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. చివరికి అత్తయ్యే బయటికొచ్చి, "ఊరుకోండి. నీ ఇష్టం రా, ఎలా మంచిదనిపిస్తే అలా చెయ్యి" అంది. నేను ఆ ఇంటికొచ్చాక ఆవిడ నోట 'నీ ఇష్టం' అన్న మాట వినడం అదే మొదలు. కొడుకు తొడుక్కునే చొక్కా దగ్గర్నుంచి నా చెప్పుల దాకా తన ఇష్టమే చెప్పే మనిషి.

వానలు తగ్గేదాకా కొట్టు నాదైంది. నాకు అత్తయ్యంత నేర్పు లేదు కానీ, నా కళ్ళకేం ఢోకా లేదు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాను. ఒక ముక్కకి నాలుగు తానులు దింపి, పక్కన పెట్టి, దూరంగా పెట్టి, మడిచి, విప్పి, అప్పుడు కోసేదాన్ని. జనం విసుక్కునేవాళ్ళు. "మీ అత్త అయితే ఈపాటికి పదిమందిని పంపేసేది" అనేవాళ్ళు.

టైలరమ్మ గుండీలకి వచ్చి, నన్ను చూసి మనసు మార్చుకుంది. సంచిలోంచి ముదురాకుపచ్చ గుడ్డ ముక్క తీసింది. "నువ్వు చిన్నదానివి. నీకు బాగా కనబడుతుంది. చూసివ్వు" అంది. నేను ప్రాణం పెట్టి చూశాను. ఆవిడా చూసింది. ఇద్దరం సరేననుకున్నాకే కోశాను.

మర్నాడు పొద్దున్నే గొడుగు ముడవకుండానే మొదలుపెట్టింది.

"ఏమ్మా, అత్త కళ్ళు కోడలికి కూడా వచ్చాయా ఏంటి?"

నేను రెండు ముక్కలూ లాక్కుని చూశాను. రెండూ ఒకటే ఆకుపచ్చ. నా మీద నాకు ఎంత నమ్మకమంటే, ఆవిడ మీద కోపమొచ్చింది. "ఇందులో మీకు ఏం తేడా కనబడిందో చూపించండి" అన్నాను. ఆవిడ కళ్ళు చిట్లించి చూసి, "ఇక్కడ బాగానే ఉందే. మా వాకిట్లో మాత్రం..." అని ఆగిపోయింది.

ఎందుకో తెలియదు, ఆ రెండు ముక్కలూ పట్టుకుని వానలోకి వెళ్ళాను. సన్నగా తుంపర పడుతోంది. బ్యాంకు మెట్ల ముందు నిలబడి చేతులు చాపి చూశాను. ఒకటి ఆకుల పచ్చ. ఇంకోటి నెమలి మెడ రంగు. తేడా గుడ్డివాళ్ళకి కూడా తెలిసేటంత ఉంది. తిరిగి కప్పు కిందికొచ్చాను. రెండూ ఒకటే. మళ్ళీ బయటికెళ్ళాను. మళ్ళీ లోపలికొచ్చాను. టైలరమ్మ కూడా గొడుగు పడేసి నా వెనకే తిరగడం మొదలుపెట్టింది. పక్క బల్ల దగ్గర ఫోన్ కవర్లాయన పని మానేసి, మాకేం పట్టిందా అని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

చివరిసారి లోపలికొచ్చినప్పుడు నేను గుడ్డ చూడలేదు. తల ఎత్తి పైకి చూశాను. నీలం. మూడు వైపులా గోడల్లా దిగిన నీలం. టైలరమ్మ తెల్ల రవిక, నా చేతులు, బల్ల మీద తానులు, అన్నీ నీలంలో మునిగి ఉన్నాయి. రోజంతా అందులోనే కూర్చునేవాళ్ళకి అది నీలమని కూడా తెలియదు.

"అయ్యో! వదినని నేను పదిమందిలో ఎంత మాటన్నాను!" అంది టైలరమ్మ. వానలో తడిసిన మొహం తుడుచుకుంటూనే ఉంది, అది ఎంతకీ ఆరలేదు.

కొట్టు ఆవిడకి అప్పజెప్పి ఇంటికి పరిగెత్తాను. అత్తయ్య మంచం మీద కూర్చుని, చుక్కల మందు వేసుకుని, కళ్ళు మూసుకుని ఉంది. రొప్పుతూనే అంతా చెప్పాను. పొంగిపోతుందనుకున్నాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"నువ్వెప్పుడూ నా పక్షమే. వాడితో కూడా నాకోసమే పోట్లాడావు. నాకు తెలుసమ్మాయ్."

"పక్షం కాదత్తయ్యా, నిజం. మీరొచ్చి చూడండి. రెండు ముక్కలు పట్టుకుని బయటా లోపలా చూస్తే మీకే తెలుస్తుంది."

"నేను రాను."

"ఎందుకు?"

"బయటికొచ్చి చూసినా నాకు తేడా కనబడకపోతే?" అంది.

నేను పక్కన కూర్చుని, తెరిచి ఉన్న చుక్కల మందు సీసాకి మూత పెట్టాను.

మా ఆయన పని నుంచి రాగానే, బూట్లు విప్పనివ్వకుండా కొట్టుకి తీసుకెళ్ళాను. ఇంకా వెలుతురుంది. మొదట ఒప్పుకోలేదు. "టార్పాలిన్‌ది తప్పెలా అవుతుంది? చుక్క నీరు రానివ్వలేదు అది" అన్నాడు. నేను మారు మాట్లాడకుండా రెండు ముక్కలూ చేతిలో పెట్టాను. లోపల చూశాడు. బయట చూశాడు. ఇంకో రెండు తానుల నుంచి కొసలు లాగి చూశాడు. వీడియోల్లో చూసినవన్నీ గుర్తు చేసుకుంటున్నాడో ఏమో, గొట్టానికి చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు.

"దీని కింద కూర్చుని ఎలా కనబడుతుందో ఎవరూ చెప్పలేదు" అన్నాడు చివరికి.

"మనమూ చూడలేదు."

ఇంటికొస్తూ దారిలో ఆయన బుర్రలో మళ్ళీ ఉపాయం మెరిసింది. "ఒక పని చేద్దాం. గప్‌చుప్‌గా కొత్త టార్పాలిన్ వేయిద్దాం. అమ్మకి చుక్కల మందు పనిచేసిందని చెబుదాం. ఆవిడా సంతోషిస్తుంది, గొడవా ఉండదు."

నేను నడుస్తున్నదాన్ని ఆగిపోయాను.

"అంటే ఆవిడ కళ్ళు నిజంగానే పోయి, మళ్ళీ వచ్చాయనా? మందు అయిపోయినప్పుడల్లా మళ్ళీ పోతాయేమోనని హడిలిపోతూ కూర్చోవాలా ఆవిడ? నేను చెప్తే నమ్మలేదు. నేను ఆవిడ మనిషినట. ఆవిడ నమ్మాలంటే మీరు చెప్పాలి. తప్పొప్పుకోవడం మీ ఒంట్లో లేదని ఆవిడకి బాగా తెలుసు కాబట్టి, మీరు చెప్తే నమ్ముతుంది."

మొహం మాడ్చుకున్నాడు. ఇల్లు చేరేదాకా నాకంటే పది అడుగులు ముందే నడిచాడు.

మర్నాడు ఆయన పనికి సెలవు పెట్టాడు. పొద్దున్నే తల్లి దగ్గరికెళ్ళి, "అమ్మా, టార్పాలిన్ మార్చాలి. నువ్వు కూడా రావాలి" అన్నాడు.

"నేనెందుకురా?"

"నువ్వొస్తే గానీ కొనను."

అంతకంటే ఎక్కువ ఏమీ చెప్పలేదు. ఆవిడ నాకేసి చూసింది. నేను చూపు తిప్పుకుని సంచిలో తానుల కొసలూ దారపు రీళ్ళూ సర్దుకున్నాను.

వాన తెరిపిచ్చింది. టార్పాలిన్ షాపాయన మా ఆయన్ని చూడగానే గుర్తుపట్టాడు. చంకలో మడిచి తెచ్చిన నీలందాన్ని చూసి కొంచెం నొచ్చుకున్నట్టే మొహం పెట్టాడు.

"ఏం సార్, కారిందా?"

"లేదండీ. చుక్క కూడా కారలేదు."

"చిరిగిందా?"

"లేదు."

"మరింకేం?"

మా ఆయన దాన్ని బల్ల మీద పెట్టాడు. వెనక అత్తయ్య నిలబడి ఉంది. ఆవిడకేసి తిరగకుండా షాపాయనతోనే మాట్లాడాడు కానీ, గొంతు మాత్రం షెడ్డంతా వినబడింది.

"మాది రంగులు కలిపి చూసి అమ్మే కొట్టండీ. దీని కింద ఏ రంగూ ఉన్నట్టు కనబడట్లేదు. మా అమ్మకే కాదు, ఎవరికీ కనబడట్లేదు. కొనేటప్పుడు నేను చూసుకోలేదు. మా అమ్మ కళ్ళు పోయాయన్నాను. ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయి. తప్పు నాది."

షాపాయన తల ఊపాడు. అత్తయ్య కొడుకు పక్కకి వచ్చింది.

"ఏదీ, మళ్ళీ చెప్పు" అంది.

దెప్పి పొడవడానికి అడగలేదు. నిజంగానే మళ్ళీ వినాలని అడిగింది. ఆయన ఈసారి ఆవిడకేసి తిరిగి, "తప్పు నాదమ్మా. నీ కళ్ళకేమీ కాలేదు" అన్నాడు. నాకు ఆ మనిషి మీద ఎన్నో రోజులుగా ఉన్న కోపం అక్కడే దిగిపోయింది.

అత్తయ్య కొంగు బిగించి, "ముందు ఆ నీలందే పైన కట్టించు" అంది.

షెడ్డు బయట ఆరుబయట నాలుగు కర్రలున్నాయి, పెద్ద టార్పాలిన్లు విప్పి చూపించడానికి. షాపాయన, మా ఆయన కలిసి నీలందాన్ని వాటికి కట్టారు. అత్తయ్య ఒక స్టూలు లాక్కుని దాని కింద కూర్చుంది. నేను ఆ రెండు ఆకుపచ్చ ముక్కలూ ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసింది. "ఒకటే" అంది. గొంతులో భయం నాకు తెలుస్తూనే ఉంది.

మా ఆయన ముడులు విప్పి టార్పాలిన్ పక్కకి లాగాడు. మబ్బు పట్టిన పగలే అయినా వెలుగు నేరుగా ఆవిడ ఒళ్ళో పడింది. ఆవిడ వంగింది. ఒక ముక్క మీద వేలు పెట్టింది, రెండో ముక్క మీద పెట్టింది.

"ఇది ఆకు. ఇది నెమలి మెడ. ఎవరే ఈ రెండింటినీ కలిపింది? నువ్వేనా?" అని నాకేసి చూసి కసిరింది.

నేనేనని ఒప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడా కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఇంక మమ్మల్ని పట్టించుకోలేదు. ఒక్కో టార్పాలిన్నీ కట్టించి, కింద కూర్చుని, సంచిలోని రీళ్ళన్నీ ఒళ్ళో పరుచుకుని చూసింది. ఆకుపచ్చదాని కింద మేమందరం జ్వరమొచ్చిన వాళ్ళలా ఉన్నామంది. నారింజదాని కింద టైలరమ్మ లాంటి నల్ల మనిషి కూడా మేలిమి బంగారంలా ఉంటుందని, అది పెళ్ళిళ్ళు కుదిర్చేవాళ్ళకి అమ్ముకోమని షాపాయనకి సలహా ఇచ్చింది. వెండిదాని కింద పగలే బల్బు వేసుకోవాలి. గాజులా అవతలికి కనబడేదైతే ఎండకి తానులు వెలిసిపోతాయి.

"ఇన్నేళ్ళ నుంచీ అమ్ముతున్నానమ్మా. పైన నీళ్ళు పోసి చూసినవాళ్ళున్నారు గానీ, కింద కూర్చుని చూసినవాళ్ళు లేరు" అన్నాడు షాపాయన, చెమట తుడుచుకుంటూ.

"మేం కూర్చునేది దాని కిందే కదా" అంది అత్తయ్య.

తెల్లదాన్ని అన్నిటికంటే చివర్లో కట్టారు. ఆవిడ దాని కింద మెరూన్ పక్కన చాక్లెట్ పెట్టి చూసింది, రెండాకుపచ్చలూ పెట్టి చూసింది. తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "ఇది అబద్ధం చెప్పట్లేదు" అంది.

డబ్బులిచ్చేటప్పుడు అత్తయ్య కొడుకుని అడిగింది. "ఆ ఫోన్ కవర్లాయనకి ఏమని మాటిచ్చావు?"

"వానలు తగ్గాక చూద్దామన్నానంతే."

"తగ్గాక కూడా ఏమీ లేదని చెప్పు. ఊరికే ఆశ పెట్టుకుంటాడు. ఆ నీలంది అతనికిచ్చెయ్, అతనికి పనికొస్తుంది. పాపం బల్ల మీద ప్లాస్టిక్ సంచులు కప్పుకుంటున్నాడు."

మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. కానీ తెల్లదాన్ని భుజానికెత్తుకునేటప్పుడు అంచు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"అమ్మా, మళ్ళీ చెప్పలేదంటావు. ఇది మరీ పల్చన. గట్టిగా రెండు వానాకాలాలు ఆగదు. అప్పుడు మళ్ళీ మార్చాలి."

"మారుద్దాంలే" అంది అత్తయ్య, సంచి సర్దుకుంటూ. "అప్పుడూ నేనే వచ్చి చూసుకుంటాను."